అమెరికా డిగ్రీలో కోర్ కోర్సులు: మేనకోడలికి ఉత్తరం

అమ్మలూ,

నీకు అడ్మిషన్ వచ్చిందనీ, వీసా కూడా అయిపోయిందనీ మీ నాన్న ఫోన్ చేసి చెప్పాడు. చాలా సంతోషమేసింది. ఆ వెంటనే ఇంకో మాట అడిగాడు. "అక్కా, పిల్లని కంప్యూటర్ సైన్స్‌కి పంపుతుంటే లిస్టులో అమెరికా హిస్టరీ ఉంది, గవర్నమెంట్ ఉంది, మ్యూజిక్ కూడా ఉంది. ఇంత ఫీజు కట్టి ఇవన్నీ చదవాలా? తప్పించుకునే దారేమైనా ఉందా?" అని. నేను ఇక్కడ టెక్సస్‌లో కాలేజీ అడ్వైజర్‌గా పనిచేసినన్నాళ్లూ మనవాళ్ల ఇళ్ల నుంచి ఎక్కువగా విన్న ప్రశ్న ఇదే. ఫోన్‌లో ఐదు నిమిషాల్లో తేలే సంగతి కాదు కాబట్టి నీకే రాస్తున్నాను. చదివాక మీ నాన్నకీ చూపించు.

ముందు లెక్క చూద్దాం. టెక్సస్ ప్రభుత్వ యూనివర్సిటీల్లో బ్యాచిలర్స్ డిగ్రీకి కనీసం 120 క్రెడిట్లు కావాలి, మామూలుగా ఒక కోర్సుకు మూడు క్రెడిట్లు. అందులో 42 క్రెడిట్లు కోర్ కరికులం. నువ్వు ఇంజనీరింగ్ చదివినా, బిజినెస్ చదివినా, డాన్స్ చదివినా ఈ 42 ఉంటాయి. ఇంగ్లీష్, మాట్లాడటం లాంటి కమ్యూనికేషన్ కోర్సులకు 6, మ్యాథ్స్‌కు 3, సైన్స్‌కు 6, భాష-తత్వం-సంస్కృతి అనే విభాగానికి 3, కళలకు 3, అమెరికా చరిత్రకు 6, గవర్నమెంట్‌కు 6, ఎకనామిక్స్, సైకాలజీ లాంటి సోషల్ సైన్సెస్‌కు 3. మిగతా 6 ఎలా వాడాలో ప్రతి కాలేజీ తనే నిర్ణయించుకుంటుంది. వీటిలో చరిత్ర, గవర్నమెంట్ నేరుగా రాష్ట్ర చట్టంలోనే ఉన్నాయి. డీన్ దగ్గరికి వెళ్లి బతిమాలినా మాఫీ కావు.

అయితే 42 మొత్తం అదనపు భారమని అనుకోవద్దు. కంప్యూటర్ సైన్స్‌కి ఎలాగూ క్యాలిక్యులస్ చదవాలి, అది కోర్ మ్యాథ్స్ కిందికి వస్తుంది. ఫిజిక్స్ అడిగితే అది కోర్ సైన్స్ కిందికి వస్తుంది. ఇలా ఒక్క కోర్సే రెండు చోట్లా లెక్కకు వచ్చేవి తీసేస్తే, విడిగా చదవాల్సినవి ముప్ఫై క్రెడిట్లకు అటూ ఇటూగా తేలతాయి. నాలుగేళ్లకు సర్దుకుంటే సెమిస్టర్‌కు ఒకటో రెండో. కాలేజీ ఇచ్చే డిగ్రీ ఆడిట్‌లో ఏ కోర్సు ఏ గడి నింపుతుందో కనిపిస్తుంది. రిజిస్ట్రేషన్‌కి ముందు ప్రతిసారీ అది తెరిచి చూసుకో. సీనియర్లు చెప్పేది వాళ్లు చేరిన సంవత్సరం కేటలాగ్, అంటే కాలేజీ నియమాల పుస్తకం ప్రకారం చెప్తారు. నీకు నువ్వు చేరిన సంవత్సరం కేటలాగే వర్తిస్తుంది.

నా అభిప్రాయం సూటిగా చెప్తాను. మన పిల్లలు ఈ కోర్సులను "అవగొట్టేయాల్సినవి" అనుకుంటారు. ఎవరు తేలిగ్గా 'A' గ్రేడు ఇస్తారు, ఏ క్లాసుకు వెళ్లకపోయినా నడుస్తుంది అని వాట్సాప్ గ్రూపుల్లో వెతుక్కుంటారు. ఇంటర్‌లో ఎంపీసీ చదివి వచ్చిన పిల్లకు కోడింగ్ కన్నా ఈ కోర్సుల అవసరమే ఎక్కువ. కోడింగ్ నువ్వు ఎక్కడైనా నేర్చుకుంటావు. యూట్యూబ్‌లో నేర్చుకుంటావు, ఉద్యోగంలో చేరాక కూడా నేర్చుకుంటావు. నీ రాతను ఒకరు వాక్యం వాక్యం చదివి, "ఇక్కడ నువ్వు చెప్పదలుచుకున్నది ఏంటి?" అని అడగడం మాత్రం డిగ్రీ అయ్యాక మళ్లీ దొరకడం కష్టం.

అందుకే మొదటి సెమిస్టర్‌లోనే ఇంగ్లీష్ 1301 అనే వ్యాసరచన కోర్సు తీసుకో. వాయిదా వేయొద్దు. రెండేళ్లు పొద్దుట్నుంచి రాత్రిదాకా స్టడీ అవర్స్‌లో కూర్చున్నావు గానీ, నీ చేత ఎవరూ నాలుగు పేజీలు సొంతంగా రాయించలేదు. ఇంగ్లీష్ పేపర్‌కు కూడా గైడులో ఆన్సర్లు కంఠతా పట్టించారు. అది నీ తప్పు కాదు, నీ చదువు అలా జరిగింది. ఇక్కడ ఈ కోర్సులో ఒకే వ్యాసాన్ని రెండు మూడు సార్లు తిరగరాయిస్తారు. మొదటి డ్రాఫ్ట్ మీద బోలెడు కామెంట్లు వస్తాయి. వాటిని చూసి కుంగిపోకు. కామెంట్లు ఎక్కువ రాశారంటే ఆ టీచర్ నీ రాతను నిజంగా చదివారన్నమాట. ఆ కాగితం పట్టుకుని ఆఫీస్ అవర్స్‌కు, అంటే టీచర్ తన గదిలో పిల్లల కోసం కూర్చునే టైమ్‌కు వెళ్లు. మనవాళ్లు అక్కడికి వెళ్లడానికి మొహమాటపడతారు, ఏదో తప్పు చేస్తే పిలిచే గది అనుకుంటారు. ఆ టైమ్ నీ కోసమే పెట్టింది. క్యాంపస్‌లో రైటింగ్ సెంటర్ కూడా ఉంటుంది, పైసా తీసుకోకుండా నీ పక్కన కూర్చుని సాయం చేస్తారు.

ఒక విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండాలి. మన దగ్గర గైడులో ఉన్నది ఉన్నట్టు దింపితే ఫుల్ మార్కులు. ఇక్కడ ఇంకొకరి వాక్యాన్ని ఎవరిదో చెప్పకుండా వాడితే అది దొంగతనం కింద లెక్క. తెలియక చేశానన్నా కోర్సులో ఎఫ్, అంటే ఫెయిల్ గ్రేడు రావచ్చు, రికార్డులో ఉండిపోవచ్చు. చాట్‌బాట్‌తో రాయించడం కూడా అంతే. ఎంతవరకు వాడొచ్చో ఒక్కో టీచర్ సిలబస్‌లో ఒక్కోలా రాస్తారు. మొదటి వారమే అది చదువు, అర్థం కాకపోతే మెయిల్ పెట్టి అడుగు. ఇక తప్పుల్లేని చాట్‌బాట్ ఇంగ్లీష్ కన్నా తడబడే నీ సొంత ఇంగ్లీషే నాకు ముద్దు. తడబడుతూ రాస్తేనే అది దిద్దుకుంటుంది.

టీచర్‌ని ఎలా ఎంచుకోవాలంటావా? స్టార్ రేటింగులు చూసి కాదు. 2009లో టెక్సస్‌లో ఒక చట్టం వచ్చింది. దాని ప్రకారం ప్రభుత్వ కాలేజీలు అండర్‌గ్రాడ్యుయేట్ కోర్సుల సిలబస్‌లను అందరూ చూసేలా వెబ్‌సైట్‌లో పెట్టాలి. హోమ్ పేజీ నుంచి మూడు క్లిక్‌లు దాటకుండా, పాస్‌వర్డ్ లేకుండా దొరకాలి. ఈ సంగతి తెలిసిన పిల్లలు చాలా తక్కువ. నువ్వు తీసుకోబోయే కోర్సుకు పోయిన సంవత్సరం సిలబస్ తెరువు. ఎన్ని పేజీలు రాయిస్తారు, డ్రాఫ్టులు చూస్తారా, గ్రేడంతా రెండు మల్టిపుల్ చాయిస్ పరీక్షల మీదే ఉందా అన్నది చూడు. మనకు మల్టిపుల్ చాయిస్ బాగా అలవాటు కాబట్టి కళ్లు అటే పోతాయి. నువ్వు మాత్రం రాయించేవాళ్ల దగ్గరే చేరు. అయితే బాగా రాయించే బరువైన క్లాసులు రెండు ఒకే సెమిస్టర్‌లో పెట్టుకోకు.

ఇప్పుడు మీ నాన్నకు అన్నిటికన్నా ఎక్కువ కోపం తెప్పించిన హిస్టరీ. సాధారణంగా రెండు కోర్సులుగా ఉంటుంది, సివిల్ వార్ (అమెరికా అంతర్యుద్ధం) కాలం దాకా ఒకటి, ఆ తర్వాత ఒకటి. ఒక కోర్సు బదులు టెక్సస్ చరిత్ర కూడా చట్టం ఒప్పుకుంటుంది. రెండో భాగం మాత్రం వదులుకోకు. 1923లో ఇక్కడి సుప్రీం కోర్టు భగత్ సింగ్ థిండ్ అనే పంజాబీ కేసులో భారతీయులకు పౌరసత్వం పొందే అర్హత లేదని తీర్పు ఇచ్చింది. ఆయన అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, అయినా అంతకుముందు వచ్చిన పౌరసత్వం నిలవలేదు. 1946లో వచ్చిన చట్టంతో ఆ తలుపు కొంచెం తెరుచుకుంది. 1965 ఇమిగ్రేషన్ చట్టం దేశాలవారీ పాత కోటాలను తీసేశాకే మన డాక్టర్లు, ఇంజనీర్లు పెద్దసంఖ్యలో రాగలిగారు. మన యల్లాప్రగడ సుబ్బారావు గారు బోస్టన్‌లో, ఆ తర్వాత న్యూయార్క్ దగ్గర పరిశోధన చేసిన సంవత్సరాల్లో చాలా భాగం ఈ గోడ నిలబడి ఉన్న కాలమే. ఇవాళ డాలస్ చుట్టుపక్కల ఫ్రిస్కోలో, ప్లేనోలో ఇన్ని తెలుగు ఇళ్లు ఉన్నాయంటే దాని వెనకాల ఆ 1965 చట్టం ఉంది, దానికి వెనకాల నల్లజాతివాళ్లు ఏళ్ల తరబడి చేసిన పౌర హక్కుల పోరాటం తెచ్చిన మార్పు ఉంది. ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వస్తున్న నువ్వు ఇది తెలుసుకోకుండా ఇక్కడ నాలుగేళ్లు గడపడం నాకు ఇష్టం లేదు.

గవర్నమెంట్ కూడా రెండు కోర్సులు, ఒకటి దేశానిది, ఒకటి టెక్సస్‌ది. టెక్సస్‌ది ఎందుకూ పనికిరాదని అందరూ అంటారు. పదో తరగతి దాకా సోషల్‌లో మన రాజ్యాంగం చదివావుగా, దాన్ని పక్కన పెట్టుకుని ఇది చదువు, ఎంత బాగుంటుందో. టెక్సస్ రాజ్యాంగం 1876 నాటిది, 500కు పైగా సవరణలు జరిగాయి. ఇంత పెద్ద రాష్ట్రానికి శాసనసభ రెండేళ్లకు ఒకసారే, 140 రోజులకు మించకుండా మామూలు సమావేశాలు జరుపుతుంది. 2003లో ఆ శాసనసభే ట్యూషన్ ఫీజు నిర్ణయించే అధికారాన్ని యూనివర్సిటీ బోర్డులకు వదిలేసింది. మీ నాన్న కడుతున్న ఫీజు ఎవరు, ఎలా నిర్ణయిస్తున్నారో అర్థం చేసుకోవడానికి ఇదే క్లాసు. టర్మ్ పేపర్‌కు ఆ టాపిక్కే తీసుకోవచ్చు.

మిగతావి పెద్ద చిక్కు కాదు. సోషల్ సైన్సెస్‌లో ఎకనామిక్స్ తీసుకో, ఎక్కడికి వెళ్లినా పనికొస్తుంది. తత్వం విభాగంలో ఎథిక్స్ కోర్సు దొరికితే వదలకు, సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు అది చాలా అవసరం. కళల్లో సంగీతమో, పెయింటింగో నీ ఇష్టం, నాకైతే నాటకం క్లాసు నచ్చుతుంది. నలుగురి ముందు నోరు విప్పడం వస్తుంది. పబ్లిక్ స్పీకింగ్ కోర్ లెక్కలోకి వచ్చేలా ఉంటే మొదటి సంవత్సరంలోనే పెట్టుకో. ఇంటర్న్‌షిప్ ఇంటర్వ్యూల టైమ్‌కు దాని విలువ నీకే తెలుస్తుంది.

మ్యాథ్స్ గురించి ఒక మాట. ఇంటర్‌లో డిఫరెన్షియేషన్, ఇంటిగ్రేషన్ చదివినా ఇక్కడ దానికి నేరుగా క్రెడిట్ రావడం అరుదు. ప్లేస్‌మెంట్ టెస్ట్ పెడతారు. ఎస్ఏటీ అనే అడ్మిషన్ పరీక్ష స్కోర్‌తో మినహాయింపు రాకపోతే టీఎస్‌ఐ అనే రాష్ట్ర పరీక్ష కూడా ఉంటుంది, అందులో చదవడం, రాయడం, మ్యాథ్స్ చూస్తారు. వీటిని తేలిగ్గా తీసుకుని ప్రాక్టీస్ లేకుండా కూర్చుంటే, నీకు వచ్చిన మ్యాథ్స్‌నే మళ్లీ చదవాల్సి వస్తుంది. విమానం ఎక్కే ముందు ఒక వారం పాత పుస్తకాలు తిరగేయి.

ఫీజు తగ్గించుకునే దారి అడిగాడు కదా మీ నాన్న, దాని పేరు కమ్యూనిటీ కాలేజీ. వేసవిలో అక్కడ ఒకటో రెండో కోర్ కోర్సులు చేసి మీ యూనివర్సిటీకి మార్చుకోవచ్చు. టెక్సస్‌లో కోర్సులకు ఉమ్మడి నంబర్లు ఉన్నాయి. 1301లో మొదటి అంకె మొదటి సంవత్సరం స్థాయి అని, రెండో అంకె మూడు క్రెడిట్లు అని చెప్తుంది. అదే నంబరు ఉన్న కోర్సు సులువుగా మారుతుంది. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ లాంటివి సొంత నంబర్లు వాడతాయి కాబట్టి అలాంటిచోట సరిపోల్చుకోవాలి. ఏదైనా సరే, ఫీజు కట్టకముందే మీ అడ్వైజర్ దగ్గర మెయిల్‌లో ఒప్పుకోలు తీసుకో. నోటిమాట చాలదు. ఇంకోటి, చాలాచోట్ల క్రెడిట్ మారుతుంది గానీ అక్కడి గ్రేడు మీ జీపీఏలో (గ్రేడుల సగటులో) కలవదు. ఇంగ్లీష్ మాత్రం మీ క్యాంపస్‌లోనే చదువు, వేసవిలో ఐదు వారాల్లో రాయడం రాదు.

డ్రాప్ చేయడం గురించి కూడా తెలుసుకో. క్లాసు నచ్చకపోతే మొదటి రోజుల్లోనే మార్చుకో. మామూలు సెమిస్టర్‌లో 12వ క్లాసు రోజు దాటాక వదిలేస్తే అది డ్రాప్‌గా రికార్డు అవుతుంది. టెక్సస్ ప్రభుత్వ కాలేజీలన్నీ కలిపి డిగ్రీ మొత్తానికి అలాంటివి ఆరుకు మించి ఒప్పుకోరు. నీకు దీనికన్నా ముఖ్యమైనది వీసా. ప్రతి సెమిస్టర్‌లో కనీసం 12 క్రెడిట్లు ఉండాలి, అందులో ఆన్‌లైన్ క్లాసులు ఒకటికి మించి లెక్కలోకి రావు. కోర్ కోర్సులు ఆన్‌లైన్‌లో తేలిగ్గా దొరుకుతాయి కాబట్టి అందరూ అక్కడే చిక్కుకుంటారు. 12 కిందికి పడేలా ఏ క్లాసూ ఇంటర్నేషనల్ ఆఫీసును అడగకుండా వదలొద్దు. గ్రేడు పాడైతే దిద్దుకోవచ్చు, వీసా స్టేటస్ పోతే చాలా టెన్షన్ పడాలి.

మొదటి సెమిస్టర్‌కు నా లెక్క ఇది: ఇంగ్లీష్, క్యాలిక్యులస్, మొదటి ప్రోగ్రామింగ్ కోర్సు, హిస్టరీ. ఐదోది నాటకమో స్పీచో, ఏది దొరికితే అది. ఓరియెంటేషన్‌లో అడ్వైజర్ చేతికి ఇచ్చే డిగ్రీ ప్లాన్ ఫొటో తీసి నాకు పంపు. మీ నాన్నను కూడా లైన్‌లోకి తీసుకుని, నాలుగేళ్లకూ ఏది ఎప్పుడో కూర్చుని రాసుకుందాం.

ఆశీస్సులతో,
మీ అత్త