ఆట మానేసిన బేస్‌బాల్ ఆటగాడికి హాల్ ఆఫ్ ఫేమ్ ఓట్లు ఏటేటా ఎలా పెరుగుతాయి?

ఆటగాడి గణాంకాలు మారకపోయినా, ఓటు వేసే రచయితలు, ఆ ఏడాది పోటీలో ఉన్న పేర్లు, గణాంకాలను బేరీజు వేసే పద్ధతి మారతాయి కాబట్టి, మేటి ఆటగాళ్ల గౌరవ జాబితా అయిన హాల్ ఆఫ్ ఫేమ్‌కు వచ్చే ఓట్లు పెరుగుతాయి. అమెరికా బేస్‌బాల్ రచయితల సంఘంలో వరుసగా పదేళ్ల సభ్యత్వం ఉన్నవారు ఓటర్లు. ఒక్కొక్కరు 10 మందికి మించి ఎంచుకోరాదు. ఎన్నికకు 75 శాతం ఓట్లు కావాలి. 5 శాతమైనా రానివారి పేరు తొలగిపోతుంది, మిగిలినవారికి గరిష్ఠంగా 10 అవకాశాలుంటాయి. 10 మంది పరిమితి వల్ల, మేటి ఆటగాళ్లు ఒకేసారి బరిలో ఉన్న ఏడాది, అర్హుడని నమ్మిన వ్యక్తినే వదిలేయవలసి రావచ్చు.

ఉదాహరణకు, ఆట మానేసిన బ్యాటర్ ల్యారీ వాకర్‌కు 2014లో వచ్చినవి 10.2 శాతమే. గ్రెగ్ మాడక్స్, టామ్ గ్లావిన్, ఫ్రాంక్ థామస్ ఎన్నికైన ఆ జాబితా కిక్కిరిసి ఉంది. పైగా దాదాపు 1,600 మీటర్ల ఎత్తున ఉన్న డెన్వర్‌లో పలచని గాలి వల్ల బంతి మరింత దూరం పోతుంది గనుక, ఆ నగర జట్టు కొలరాడో రాకీస్ తరఫున అతని బ్యాటింగ్‌ను చాలామంది తక్కువ చేసి చూశారు (ఆ అనుమానం పూర్తిగా అన్యాయమేమీ కాదు). మైదానం ప్రభావాన్ని మినహాయించే కొలమానాలకు ఆదరణ పెరిగాక, వాటిలోనూ అతను గొప్పగానే తేలాడు. చివరి అవకాశమైన 2020లో 76.6 శాతంతో గట్టెక్కాడు.

గత ఏడాది ఓట్లకు కొత్తవి కలుస్తాయని చాలామంది పొరబడతారు. ప్రతి ఏడాది లెక్క సున్నా నుంచే మొదలవుతుంది. ఎవరి పేరూ గుర్తించకుండా పంపిన ఖాళీ బ్యాలట్ కూడా మొత్తంలో చేరి, అందరి శాతాన్నీ తగ్గిస్తుంది.