వంపు కత్తికి తోలు ఒర

ప్రశ్న: తాటి కమ్మలు కొట్టే వంపు కత్తికి తోలు ముక్కను నడిమికి మడిచి ఒర కుట్టిన. వంపు దగ్గర ముడతలు పడ్డది. కొద్ది రోజులకే పదును దారాన్ని కోసేసింది. ఎట్ల కుట్టాలె?
– ఒక పాఠకుడు, హసన్‌పర్తి

జవాబు: తిన్నని కత్తికైతే మడత సరిపోతుంది. వంపు గీత వెంట తోలు మడతపడదు, ముడుచుకుంటుంది. కాబట్టి రెండు ముక్కలు కోయాలి, ఒకటి రెండోదానికి తిరగేసిన ఆకారంలో.

ముందు అట్టతో ఒర చేసి, టేపు అంటించి, కత్తిని దూర్చి తీసి చూడండి. కొన దగ్గర వంపు ఎక్కువగా ఉన్నా, అలుగు (కత్తి రేకు) మొదట్లో కంటే కొన వైపు వెడల్పుగా ఉన్నా కత్తి ఒర మూతిలోంచి రాదు. అలాంటి కత్తికి వెన్ను వైపు కుట్టకుండా వదిలి, పిడి కింద ఒక పట్టీ, గుండీ పెట్టండి. ఈ పరీక్ష చేయకుండా తోలు కోయొద్దు.

తోలు 3 మి.మీ. మందం ఉండాలి. కత్తిని తోలు మీద పెట్టి గీసిన అచ్చు చుట్టూ 15 మి.మీ. వదిలి కోయండి. దారం తెగకుండా కాపాడేది పదును వైపు రెండు ముక్కల మధ్య పెట్టే తోలు పట్టీ. వెడల్పు 10 మి.మీ., మందం కత్తి వెన్నంత ఉండాలి. తిన్నని పట్టీని వంచితే లేచి నిలబడుతుంది. వంపు ఆకారంలోనే కోయాలి. పదును ఈ పట్టీకి తగలాలి, దారానికి కాదు. కొన దగ్గర పట్టీని ఇంకాస్త వెడల్పుగా ఉంచండి, పొడుచుకుపోయేది అక్కడే.

అతికే చోట్ల గరుకు కాగితంతో రుద్ది, రెండు వైపులా రబ్బరు సొల్యూషన్ రాసి, చేతికి అంటనంతగా ఆరాక నొక్కి సుత్తితో తట్టండి. అంచుకు 4 మి.మీ. లోపల, 5 మి.మీ.కి ఒకటి చొప్పున ఆరెతో (తోలు పొడిచే మొనదేలిన పనిముట్టు) రంధ్రాలు పొడవాలి. మైనం పట్టించిన నైలాన్ దారం, కుట్టు పొడవుకు ఐదింతలు తీసుకోండి. రెండు కొసలకూ రెండు సూదులు ఎక్కించి, ప్రతి రంధ్రంలో ఎదురెదురుగా రెండూ దూర్చండి. ఒక కుట్టు తెగినా మిగతావి ఊడవు. చివర మూడు కుట్లు వెనక్కి వేసి ముగించండి.

తర్వాత ఒరను గోరువెచ్చని నీళ్లలో బుడగలు ఆగేదాకా ముంచి, కత్తికి నూనె రాసి పాలిథిన్ చుట్టి, లోపల పెట్టి వేళ్లతో ఆకారం దిద్దండి. ఆకారం నిలిచాక కత్తి తీసేసి నీడలో ఆరనివ్వండి. ఎండలో, పొయ్యి దగ్గర పెడితే తోలు కుంచించుకుపోయి బిర్రబిగుసుకుంటుంది, పగులుతుంది.

ప్రశ్న: పాత బ్యాగు తోలు పనికొస్తుందా? – పాఠకురాలు, పరకాల

జవాబు: కోసిన అంచు చూడండి. లోపల నీలిబూడిద రంగుంటే అది క్రోమ్ తోలు, అంటే క్రోమియం లవణాలతో శుద్ధి చేసినది. తడిపి దిద్దినా ఆకారం నిలవదు, అందులోని లవణాలు అలుగును తినేస్తాయి. తంగేడు బెరడు, తుమ్మ బెరడుతో శుద్ధి చేసిన తోలు లోపలిదాకా గోధుమ రంగులో ఉంటుంది, అదే వాడండి. అయితే ఆ తోలు చెమ్మ పట్టినా, లారీ కమాను పట్టీతో చేసిన కత్తి నల్లబడి తుప్పు పడుతుంది. వానకాలంలో పని అయ్యాక కత్తి తుడిచి, నూనె రాసి, ఒర బయటే ఉంచండి.