పాత ఇంటి పైకప్పు మీది గరుకు పూతను గీకేయవచ్చా?

1970ల నాటి ఇల్లు, లోపలివైపు పైకప్పుకూ గోడలకూ గరుకు పూత, దాన్ని గీకి నునుపు చేయాలన్న ఆలోచన. పరీక్ష చేయించకుండా ముట్టుకోవద్దు. అప్పటి పూతల్లో ఆస్బెస్టాస్ (సన్నని పోగులుగా విడిపోయే ఖనిజం, రాతినార) కలిసి ఉండవచ్చు. అది ఉందో లేదో కంటితో చూసి చెప్పలేం; ప్రయోగశాలలో సూక్ష్మదర్శిని కింద చూడాల్సిందే.

ఉందని తేలినా కంగారు అక్కర్లేదు. పూత చెక్కుచెదరకుండా ఉంటే ముప్పు చాలా తక్కువ. ప్రమాదమంతా గీకినప్పుడు, రంధ్రాలు వేసినప్పుడు లేచే ధూళితోనే. ఆ సన్నని పోగులు ఊపిరితిత్తుల్లో చేరితే, దశాబ్దాల తర్వాత మీసోథీలియోమా వంటి క్యాన్సర్ రావచ్చు. మామూలు వాక్యూమ్ క్లీనర్ వాటిని పట్టలేదు సరికదా, గదంతా చిమ్ముతుంది.

నా ఓటు జిప్సం బోర్డుతో కప్పేయడానికే. మరలు బిగించినా పూత చెదురుతుంది కాబట్టి ఆ పనిని శిక్షణ పొందినవారికే అప్పగించండి. పూత ఇప్పటికే రాలుతుంటే మాత్రం వారిచేత తీయించక తప్పకపోవచ్చు.