ఘాట్‌ రోడ్డు మాత్ర సంగతి తర్వాత, ముందు బాబుకు వినికిడి పరీక్ష చేయించండి

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. పాపకు 5 ఏళ్ల 4 నెలలు, బాబుకు 2 ఏళ్ల 4 నెలలు. పాపను బడికి పంపకుండా ఇంట్లోనే చదివిస్తున్నాం. రైతుబజారు, గోదావరి గట్టు, కడియం నర్సరీలు, ధవళేశ్వరంలో కాటన్‌ మ్యూజియం... ఇలా తరచూ పిల్లలతో బయటికి వెళ్తుంటాం. పాప బస్సు బోర్డులు చదివేస్తోంది, కూరగాయల దగ్గర చిల్లర లెక్కపెడుతోంది. ఇబ్బందల్లా మారేడుమిల్లి దాటాక వచ్చే ఘాట్‌ రోడ్డుతోనే. కాసేపటికే పాపకు వాంతులు మొదలవుతాయి. బయల్దేరే ముందు మా అత్తగారు ఇద్దరికీ జలుబు సిరప్‌ ఒక మూత పోస్తారు. నిద్రపోతారు కాబట్టి కాస్త నయం. ఇంతకంటే మంచి మాత్ర ఏదైనా ఉందా? బాబు ఇంకా అమ్మ, తాత, బువ్వ అంతే అంటాడు. వాళ్ల నాన్నకు కూడా మూడేళ్లకు గానీ మాటలు రాలేదట, అందుకే మేం టెన్షన్‌ పడటం లేదు. – ఓ పాఠకురాలు

జవాబు: మీరు మాత్ర పేరు అడిగారు. నన్ను కలవరపెట్టింది మాత్రం మీరు చివర్లో రాసిన రెండు వాక్యాలు. కాబట్టి ముందు బాబు గురించే చెబుతాను.

రెండేళ్లు నిండేసరికి చాలామంది పిల్లలు రెండు మాటలు కలిపి చెబుతారు. ‘అమ్మా రా’, ‘పాలు వద్దు’, ‘నాన్న పోయాడు’ లాంటివి. విడి మాటలు యాభై దాకా ఉంటాయి. మీ బాబుకు 28 నెలలు వచ్చినా మూడే మాటలు. నాన్నకు ఆలస్యంగా వచ్చాయన్నది నిజమే కావచ్చు, కొన్ని కుటుంబాల్లో అలా ఉంటుంది. కానీ ఆ మాట పరీక్షలన్నీ అయ్యాక, అన్నీ బాగున్నాయని తేలాక అనుకోవాల్సింది. మగపిల్లలకు మాటలు లేటు అని ఇంటింటా అంటారు. మగపిల్లలకూ ఆడపిల్లలకూ సగటున ఉండే తేడా ఒకటి రెండు నెలలే. ఇంత తేడాకు అది కారణం కాదమ్మా.

వెంటనే వినికిడి పరీక్ష చేయించండి. పిలిస్తే తిరుగుతున్నాడు, టీవీ పాట వస్తే పరిగెత్తుకొస్తాడు అని తల్లులు నాతో వాదిస్తారు. తలుపు చప్పుడు వినబడే పిల్లాడికి స, శ, త లాంటి సన్నని శబ్దాలు వినపడకపోవచ్చు. జలుబు చేసిన ప్రతిసారీ చెవి లోపల నీరు చేరి, నెలల తరబడి మాటలు మసకగా వినిపించే పిల్లలు కూడా ఉంటారు. ఇంట్లో చప్పట్లు కొట్టి చూస్తే ఇవి తెలియవు. ఓఏఈ, బెరా అనే పరీక్షలు ఉన్నాయి. నొప్పి ఉండదు, పిల్లాడు జవాబు చెప్పాల్సిన పని లేదు. చెవి డాక్టరు కర్ణభేరి కూడా చూస్తారు.

దీంతో పాటు కొన్ని విషయాలు మీరే గమనించి రాసుకోండి. కావాల్సినదాన్ని వేలితో చూపిస్తున్నాడా, లేక మీ చెయ్యి పట్టుకుని లాక్కెళ్తున్నాడా? మీరు వేలు చూపకుండా ‘చెప్పులు తీసుకురా’ అంటే తెస్తున్నాడా? పేరు పెట్టి పిలిస్తే మీ మొహంలోకి చూస్తున్నాడా? అక్క ఆటను చూసి చేస్తున్నాడా? ఆటిజం అనుమానం ఉందో లేదో చూడటానికి 16 నుంచి 30 నెలల పిల్లలకు వాడే 20 ప్రశ్నల పట్టిక ఒకటి ఉంది. బాబుకు ఇంకా ఆ వయసు దాటలేదు. ఆటిజం అని నేను అనడం లేదు. చూడకుండా అనకూడదు కూడా. అవునో కాదో మరో రెండు నెలల్లోపే తేల్చుకోవాలని మాత్రం గట్టిగా చెబుతున్నాను.

నా దగ్గరికి మాటల కోసం వచ్చే పిల్లల్లో ఎక్కువమంది మూడున్నర, నాలుగేళ్లవాళ్లు. ‘చూద్దాం, వస్తాయి’ అనుకుంటూ వాళ్ల ఇళ్లలో ఏడాదిన్నర గడిచిపోయి ఉంటుంది. ఈలోపు వస కొమ్ము అరగదీసి పిల్లల నాలుకకు రాస్తారు. వసతో మాటలు రావు, మోతాదు ఎక్కువైతే వాంతులవుతాయి. నాలుక కింద తీగ కోయించుకొచ్చినవాళ్లూ ఉన్నారు. ఆ తీగ వల్ల కొన్ని అక్షరాలు సరిగా పలకకపోవచ్చేమో గానీ, అసలు మాటలే రాకపోవడానికి అది కారణం కాదు. మూడేళ్లలోపు పిల్లలు భాషను అందుకునే వేగం వేరు. థెరపీ అవసరమైతే ఆ వయసులో మొదలుపెట్టినప్పుడు వచ్చే ఫలితం వేరు. పరీక్షల్లో అంతా బాగుందని తేలితే మీకు ఒక పూట పోతుంది, అంతే.

ఇంట్లో చదివించడం మీ నిర్ణయం, దాన్ని నేను తప్పుపట్టను. మీ పాప చేస్తున్నవి చూస్తే ముచ్చటగా ఉంది. అయితే ఒకటి గుర్తుపెట్టుకోండి. మీ ఇంట్లో బాబు నోరు తెరవకముందే అతనికి ఏం కావాలో అందరికీ తెలిసిపోతుంది. తెలియకపోతే అక్క చెప్పేస్తుంది. బయటికి వెళ్లినా మీ నలుగురే. అంగన్‌వాడీలోనో ప్లే స్కూల్లోనో అయితే ఈపాటికి ఎవరో ఒకరు ‘బాబు మాట్లాడటం లేదేంటి’ అని అడిగేవారు. పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం ప్రభుత్వం నడిపే ఆర్‌బీఎస్‌కే (రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం) వైద్య బృందాలు పిల్లల్ని చూసేది అంగన్‌వాడీల్లో, ప్రభుత్వ బడుల్లో. మీ పిల్లలిద్దరూ వాళ్ల కంట పడరు. కాబట్టి మీరే ఏఎన్‌ఎంను అడగండి. మాటలు, ఎదుగుదల సమస్యలున్న పిల్లల కోసం జిల్లా స్థాయిలో ఉండే డీఈఐసీ కేంద్రం మీకు ఎక్కడ దగ్గరో చెబుతారు. పాపకు బోర్డు కనబడటం లేదని చెప్పే టీచరు కూడా లేరు కదా, ఆమెకు ఓసారి కంటి పరీక్ష చేయించండి. అయిదు నుంచి ఆరేళ్ల మధ్య వేసే డీపీటీ రెండో బూస్టర్‌ పడిందో లేదో కార్డు తీసి చూడండి. ఏడాదికి రెండుసార్లు బడిలో, అంగన్‌వాడీలో వేసే నులిపురుగుల మాత్ర బడికి వెళ్లని పిల్లలకు కూడా అంగన్‌వాడీలో ఇస్తారు. ఇద్దరినీ తీసుకెళ్లండి.

ఇక సిరప్‌. దయచేసి ఇవాళే ఆపేయండి. ‘ఒక మూత’ అన్నారు, ఏ మందో రాయలేదు, పిల్లల బరువు రాయలేదు. అత్తగారు ప్రేమతోనే పోస్తున్నారు, కాదనను. కానీ జలుబు సిరప్‌లలో ఎక్కువగా ఉండే క్లోర్‌ఫెనిరమైన్‌, ఫినైలెఫ్రిన్‌ కలయికను నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని సీసా మీద ముద్రించాలని 2023 డిసెంబరులోనే ఔషధ నియంత్రణ సంస్థ ఆదేశించింది. 2025లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో కలుషితమైన దగ్గు సిరప్‌ తాగి పిల్లలు చనిపోయాక, కేంద్రం మరోసారి హెచ్చరించింది. రెండేళ్లలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయొద్దని, అయిదేళ్లలోపు వారికి సాధారణంగా అవసరం లేదని చెప్పింది. జబ్బు ఉన్నా ఇవ్వొద్దంటున్న మందును, జబ్బే లేని పిల్లాడిని నిద్రపుచ్చడానికి ఇస్తున్నారు. మత్తులో ఉన్న పిల్లలు వాంతి చేసుకుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఉంది. కొందరికి నిద్రకు బదులు చిరాకు పెరుగుతుంది.

పాపకు వాంతులు రాకుండా మాత్రలు లేకపోలేదు. అవి బరువును బట్టి, మరే మందులు వాడుతోందో చూసి ఇచ్చేవి. పేపర్లో పేరు రాస్తే రేపు అదే బాబుకూ పడుతుందని నా భయం, కాబట్టి రాయను. మీ పిల్లల డాక్టరును అడగండి. చాలామందికి మాత్ర అవసరమే పడదు. బయల్దేరే ముందు ఖాళీ కడుపు వద్దు, పూరీలూ వద్దు, రెండు ఇడ్లీలు చాలు. దారిలో ఫోను, పుస్తకం ఇవ్వకండి. కిటికీ కాస్త తెరిచి దూరంగా కొండల్ని చూడమనండి. అరగంటకోసారి ఆపి నాలుగడుగులు నడిపించండి. ప్రయాణం లేని రోజు కూడా పొద్దున్నే తలనొప్పితో వాంతులవుతుంటే అది ఘాట్‌ రోడ్డు వాంతి కాదు, ఆలస్యం చేయకుండా చూపించాలి. వాంతులు ఎక్కువైతే లీటరు నీళ్లలో కలిపే మామూలు ఓఆర్‌ఎస్‌ పొడి వాడండి, తియ్యటి డబ్బా పానీయాలు కాదు.

మారేడుమిల్లి వైపు రాత్రి ఉంటే దోమతెర తప్పనిసరి. ఏజెన్సీలో మలేరియా ఉంది. తిరిగొచ్చిన నెల రోజుల్లో ఎవరికి జ్వరం వచ్చినా ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టరుకు చెప్పి, రక్త పరీక్ష చేయించుకోండి.

ఇదంతా ఉత్తరం చూసి చెబుతున్నదే, పరీక్షకు ప్రత్యామ్నాయం కాదు. బాబు వినికిడి రిపోర్టు వచ్చాక, ఇద్దరి బరువు, సిరప్‌ సీసా మీద ఉన్న మందు పేరుతో కలిపి మళ్లీ రాయండి.

– పిల్లల వైద్య నిపుణులు