‘స్టాక్ సాఫ్ట్‌వేర్’ అంటే సరిపోదు

ప్రశ్న: మాది పలాసలో చిన్న జీడిపప్పు ఫ్యాక్టరీ. స్టాక్ లెక్కలకు సాఫ్ట్‌వేర్ రాయించాం. రోజూ సరుకు పోయినట్టే చూపిస్తోంది, ఒకటే టెన్షన్. ఇప్పుడు వేరే డెవలపర్‌కి ఇస్తున్నాం. ఈసారి ఏం రాసివ్వాలి?

జవాబు: ‘స్టాక్’ అనగానే డెవలపర్‌కి గుర్తొచ్చేది కిరాణా కొట్టు. పది సబ్బులు వస్తే పదీ అమ్ముడవ్వాలి. మీ దగ్గర 80 కిలోల పిక్కల బస్తా లోపలికి వెళ్తే వచ్చే పప్పు పావు వంతుకు అటూ ఇటూ. మిగతాది తొక్క, పొట్టు, ఆరిపోయిన తేమ. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పి ఉండరు. మీకది చెప్పాల్సిన విషయంగానే తోచదు, రోజూ చూసేదే కదా!

అందుకే కాగితం కన్నా ముందు కొత్త డెవలపర్‌ని పిలవండి. ఒక రోజంతా పిక్కలు దిగే చోటు నుంచి డబ్బాలకు సీలు వేసే దాకా వెంట తిప్పండి. గ్రేడింగ్ బల్ల దగ్గర కాసేపు కూర్చోబెట్టండి. డబ్ల్యూ 320 గ్రేడు అంటే పౌండు బరువుకు 300 నుంచి 320 గుండ్లని (విరగని పప్పులని), బద్ద, ముక్క వేరే లెక్కని కళ్లారా చూడనివ్వండి. తర్వాత తూకం పుస్తకం తెరిచి, గుమస్తా కొట్టేసి పక్కన రాసిన అంకెలు చూపించండి. వెనక్కి పంపిన తడి బస్తా, కూలిలో కోసిన అడ్వాన్సు... పాత సాఫ్ట్‌వేర్‌లో ఇవి ఉన్నాయా?

ఇక రాత. ‘కూలి లెక్క త్వరగా రావాలి’ అంటే ఎవరి త్వర వాళ్లది. ‘50 మంది వారం కూలి 10 సెకన్లలో రావాలి’ అంటే గడియారం పెట్టి చూడొచ్చు. సాఫ్ట్‌వేర్ అవసరాలు ఎలా రాయాలో చెప్పే 1998 నాటి ఐఈఈఈ 830 ప్రమాణం కూడా ప్రతి అవసరాన్నీ పరీక్షించి తేల్చే వీలుండాలనే చెప్పింది. మీ పుస్తకంలో ఒక వారం లెక్కలు జిరాక్స్ తీసి జతచేయండి. అవే అంకెలు ఎక్కిస్తే అదే కూలి రావాలి, వచ్చాకే చివరి వాయిదా డబ్బు అని ముందే రాసుకోండి.

మరొకటి మరవొద్దు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను తర్వాత మీ ఊళ్లో కరెంటు లేక పడ్డ అవస్థ మీకు తెలుసు. కాగితం మీద రాసుకున్న తూకాలను తర్వాత పాత తేదీతోనే ఎక్కించే వీలుండాలి. ఎవరు, ఎప్పుడు ఎక్కించారో కూడా కనబడాలి.

గ్రాఫులు, మొబైల్ యాప్ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. ముందు తూకం, కూలి కుదరనివ్వండి.