డాక్టర్ సలహా: జబ్బు సంగతి మీరు దాస్తున్నారు, నొప్పి సంగతి ఆమె దాస్తున్నారు

ప్రశ్న: నాకు 73 ఏళ్లు. ఆర్టీసీలో కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. మా ఇంటామెకు 68. మా పెళ్లయి 48 ఏళ్లు. మూడు నెలల కింద కడుపునొప్పి, బరువు తగ్గడం చూసి హైదరాబాద్‌ తీసుకెళ్తే పాంక్రియాస్ క్యాన్సర్ అన్నారు. లివర్‌కు కూడా పాకిందట. కీమో తట్టుకునే శక్తి లేదు, ఇంటికి తీసుకెళ్లి మంచిగ చూసుకోమన్నారు. ఆమెకు అల్సర్ అని చెప్పినం. కొడుకు దుబాయ్‌లో ఉంటాడు, కోడలు మాతోనే ఉంటుంది. బిడ్డ హైదరాబాద్‌లో. అమ్మకు చెప్పొద్దని పిల్లలిద్దరూ నాతో ఒట్టు వేయించుకున్నారు. రాత్రిళ్లు లేచి మంచం మీద ముందుకు వంగి కూర్చుంటుంది. ఏమైందంటే గ్యాస్ పట్టిందంటుంది. డాక్టర్ నొప్పికి మార్ఫిన్ రాస్తానంటే, అది అలవాటైతది, మనిషి తొందరగ పోతడని కొడుకు వద్దన్నాడు. ఇది అంటుకునే రోగమని మా అక్క పడకలు వేరు చేయించింది. ఏమీ తినడం లేదు, సెలైన్ పెట్టించాలా? ఈమధ్య ఆమె నాకు పచ్చిపులుసు చేయడం, సిలిండర్ మార్చడం నేర్పిస్తోంది. సంఘం పాస్‌బుక్ ఎక్కడుందో చూపించింది. ఇంకెంత కాలం డాక్టర్ గారూ? కొడుకును ఇప్పుడే రమ్మనాలా? నాకు కూడా గుండెకు స్టెంట్ ఉంది. ఆమె లేకుండ నేనుండి ఏం చెయ్యాలె, ఆమెతోపాటే పోతే బాగుండు అనిపిస్తోంది.
– ఒక పాఠకుడు, జనగామ జిల్లా

సలహా: మీ ప్రశ్నలో చివరి మాటకు ముందు జవాబు చెబుతాను. ఇన్నేళ్లు కలిసి బతికిన మనిషి దూరమవుతుంటే తనతోపాటే పోవాలని అనిపించడం మా దగ్గరికొచ్చే పెద్దవాళ్లలో చాలామంది చెప్పే మాటే. కానీ అది బాధలో వచ్చి పోయే ఆలోచనా, లేక ఏదైనా చేసుకోవాలన్నంత వరకూ వెళ్లిందా అన్నది మీరు మిమ్మల్ని సూటిగా అడగాలి. రెండోదే అయితే మిగతా జవాబు తర్వాత చదవండి. ఇప్పుడే కోడల్ని పిలిచి ఉన్నదున్నట్టు చెప్పండి, లేదా 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ నంబర్. రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడతారు, డబ్బులేమీ పడవు. రెండిట్లో ఏదైనా సరే, కొన్నాళ్లపాటు ఇంట్లోని మందులన్నీ కోడలి చేతిలో ఉంచండి. మీ మీద అనుమానంతో కాదు, మార్ఫిన్ ఇంటికొస్తే ఎలాగూ ఒక్కరే లెక్క చూసుకుంటూ తాళం వేసి ఉంచాలి.

ఇక అసలు సంగతి. ఆమెకు తెలుసు.

రిపోర్టులో ఏముందో అక్షరాలా తెలియకపోవచ్చు. అయితే 48 ఏళ్లు మిమ్మల్ని వంటింట్లోకి రానివ్వని మనిషి ఇప్పుడు మీకు పచ్చిపులుసు నేర్పిస్తున్నారంటే, పాస్‌బుక్ చోటు చూపిస్తున్నారంటే, అల్సర్ మాట నమ్మడం లేదనే. తను లేని ఇంట్లో మీరు అన్నం ఎలా తింటారన్నదే ఆమె దిగులు. మీరు బాధపడతారని ఆమె అడగడం లేదు, ఆమె బాధపడుతుందని మీరు చెప్పడం లేదు. అలా ఇద్దరూ ఎవరికి వారే ఏడుస్తున్నారు. పిల్లల ఒట్టు ప్రేమతో వేయించుకున్నదే, తప్పుపట్టను. కానీ ఒట్టు నిలబెట్టుకోవడం కన్నా ఆమె పక్కన నిలబడటం ముఖ్యం.

మాట ఎలా మొదలుపెట్టాలో తెలియక చాలామంది ఆగిపోతారు. అంతా ఒక్కసారి చెప్పేయనక్కర్లేదు. ఇంట్లో ఎవరూ లేనప్పుడు పక్కన కూర్చుని, ‘‘డాక్టర్లు ఏమన్నరో నీకు చెప్పమంటవా, నన్నే చూసుకోమంటవా?’’ అని అడగండి. ‘‘నువ్వే చూసుకో’’ అంటే అక్కడితో ఆపేయండి. తెలుసుకోకుండా ఉండే హక్కూ ఆమెదే. చెప్పమంటే అడిగినంతకే జవాబివ్వండి: గడ్డ ఉంది, లివర్‌కు కూడా వచ్చింది, నయం చేసే మందు లేదు, నొప్పి తగ్గించే మందు మాత్రం ఉంది, నేనెక్కడికీ పోను. ‘‘నేను చచ్చిపోతనా?’’ అని అడిగితే కాదని అబద్ధం చెప్పకండి. ‘‘నీకేమనిపిస్తుంది?’’ అనండి. ఆ తర్వాత ఆమే మాట్లాడతారు, మీరు వినండి. మీకు గొంతు పెగలదనిపిస్తే డాక్టర్‌నో నర్సునో పక్కన ఉండమని అడగొచ్చు, మాకిది రోజూ చేసే పనే.

ఇప్పుడు ఆ గ్యాస్ సంగతి చూద్దాం. అది గ్యాస్ కాకపోవచ్చు. పాంక్రియాస్ అంటే క్లోమం, కడుపు వెనక వెన్నుకు ఆనుకుని ఉంటుంది. దాని వెనకే నరాల గుత్తి ఒకటుంది. గడ్డ ఆ నరాలను పట్టుకుంటే నొప్పి పైకడుపులో మొదలై వెన్నులోకి దూసుకుపోతుంది. వెల్లకిలా పడుకుంటే పెరుగుతుంది, లేచి ముందుకు వంగి కూర్చుంటే కాస్త తగ్గుతుంది. మీరు రాసింది అచ్చంగా అదే. మీ నిద్ర చెడకూడదని ఆమె దాన్ని గ్యాస్ అంటున్నారు. రేపు పొద్దున టీ తాగేటప్పుడు ‘‘నొప్పి ఉందా’’ అని అడక్కండి, లేదనే అంటారు. ‘‘పదికి ఎన్ని మార్కులేస్తవు నీ నొప్పికి?’’ అనడిగి ఆ అంకె తేదీతో సహా రాసి పెట్టండి. డాక్టర్‌కు అన్నిటికన్నా పనికొచ్చే కాగితం అది.

మార్ఫిన్ గురించి మీ అబ్బాయి భయం చాలా ఇళ్లలో వినేదే. నొప్పి ఉన్న మనిషికి డాక్టర్ లెక్క ప్రకారం ఇచ్చే మార్ఫిన్ వ్యసనంగా మారడం అరుదు. సరైన మోతాదులో ఇస్తే ఆయుష్షూ తగ్గదు. నొప్పి తగ్గాక మనిషి నిద్రపోతుంది, మరో రెండు ముద్దలు తింటుంది, మాట్లాడుతుంది. మార్ఫిన్ మామూలు మాత్ర నాలుగు గంటలకోసారి వేయాలి. నొప్పి వచ్చాక కాదు, రాకముందే, గడియారం చూసి వేయాలి. మధ్యలో నొప్పి పొడుచుకొస్తే వేసుకోవడానికి అదనపు మాత్ర ఎంతో ముందే రాయించుకోండి. మొదటి రెండు మూడు రోజులు మగతగా ఉంటుంది, కొందరికి వికారం ఉంటుంది, అవి సర్దుకుంటాయి. సర్దుకోనిది మలబద్ధకం ఒక్కటే. అందుకే మార్ఫిన్ మొదలుపెట్టిన రోజే విరేచనం మందు కూడా మొదలవ్వాలి. రాయడం మర్చిపోతే మీరే అడగండి. పిలిచినా లేవనంత మత్తు, శ్వాస బాగా నెమ్మదించడం, పొంతన లేకుండా మాట్లాడటం కనిపిస్తే తర్వాతి మాత్ర ఆపి వెంటనే ఫోన్ చేయండి. మాత్ర మింగలేని రోజు వస్తే చర్మం మీద అంటించే పట్టీలున్నాయి. మాత్రలతో లొంగకపోతే ఆ నరాల గుత్తికే ఇంజెక్షన్ ఇచ్చే పద్ధతి ఉంది, దాన్ని సీలియాక్ ప్లెక్సస్ బ్లాక్ అంటారు. ఆమె ఇంకా తిరగగలిగినప్పుడే దీని గురించి అడిగితే మంచిది. ఊళ్లో దొరికే నొప్పి సూదులు మాత్రం రోజూ వేయించకండి, కిడ్నీలు పాడవుతాయి.

మార్ఫిన్ ప్రతి మెడికల్ షాపులో దొరకదు. 1985 నాటి మత్తుమందుల చట్టం మరీ బిగుతుగా ఉండేది, 2014 సవరణ తర్వాత గుర్తింపు పొందిన ఆసుపత్రులకు తేలికైంది. తెలంగాణలో జిల్లా ఆసుపత్రుల్లో ‘ఆలన’ పేరుతో పాలియేటివ్ కేంద్రాలున్నాయి. నయం కాని జబ్బులో నొప్పి, ఆయాసం, పుండ్లు చూసుకోవడమే వాళ్ల పని. లేవలేని వాళ్ల కోసం నర్సు వాహనంలో ఇంటికే వస్తారు. మీ జిల్లా ఆసుపత్రిలో అడగండి. దారి దొరక్కపోతే హైదరాబాద్ రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే క్యాన్సర్ ఆసుపత్రిలో ఈ విభాగం ఎప్పట్నుంచో ఉంది. ఇంట్లో చూసుకోవడం కుదరని పరిస్థితి వస్తే హైదరాబాద్‌లోనే స్పర్శ్ హాస్పిస్ ఉంది, అక్కడ డబ్బు తీసుకోరు. ‘‘ఇంటికి తీసుకెళ్లండి’’ అన్నవాళ్లు ఈ చిరునామాలు కూడా చేతిలో పెట్టి పంపాల్సింది. పంపలేదు కాబట్టే మీరు నాకు రాశారు.

మీ అక్కగారికి నా మాటగా చెప్పండి, క్యాన్సర్ అంటుకోదు. పక్కన పడుకుంటే రాదు, ఒకే గ్లాసులో తాగితే రాదు. పడకలు ఈ రాత్రికే మళ్లీ కలిపేయండి. తలగడలు ఎత్తుగా పెట్టి ఆమెను ఏటవాలుగా పడుకోబెట్టండి, మోకాళ్ల కింద ఇంకో దిండు పెడితే పొట్ట వదులవుతుంది. వీపు మీద చెయ్యేసి నిమరడానికి మీరు నర్సు కానక్కర్లేదు. కొంగు మాటున ఏడ్చే మనిషికి అర్ధరాత్రి పక్కన ఒక చెయ్యి దొరకాలి.

తిండి విషయంలో పోరు మానండి. ఈ జబ్బులో ఆకలి చావడం ఆమె చేతిలో లేదు. మీరు బతిమాలి తినిపించేది మీ తృప్తి కోసమే, ఆమె తినేదీ మీ తృప్తి కోసమే. జావ, పెరుగన్నం, పండు ముక్క, ఏదైనా రెండు చెంచాలు, అడిగినప్పుడు పెట్టండి. మలం జిడ్డుగా, నీళ్ల మీద తేలుతూ పోతుంటే అన్నంతోపాటు వేసుకునే ఎంజైమ్ క్యాప్సూల్స్ ఉంటాయి, అడిగి రాయించుకోండి, పొట్ట ఉబ్బరం తగ్గుతుంది. సెలైన్‌తో బలం వస్తుందన్నది మన ఊళ్లలో పాతుకుపోయిన నమ్మకం. అరలీటరు గ్లూకోజ్ సీసాలో ఉండేది 25 గ్రాముల చక్కెర, అంటే అయిదారు చెంచాలు. దానికోసం సూది గుచ్చి, కాళ్ల వాపు, ఆయాసం తెచ్చుకోవడం ఎందుకు? వాంతులు, విరేచనాలతో ఒళ్లు ఎండిపోతే అప్పటి మాట వేరు. నోరు ఎండకుండా తడిబట్టతో పెదాలు తుడుస్తుంటే చాలు.

కళ్లు పచ్చబడి ఒళ్లంతా దురద పెడితే, చలిజ్వరం వస్తే, ఒక కాలే వాచి నొప్పి పుడితే ఆగకుండా ఆసుపత్రికి వెళ్లండి. పచ్చకామెర్లకు ఎండోస్కోపీ ద్వారా స్టెంట్ వేసి ఉపశమనం ఇవ్వొచ్చు. ఇంకేమీ చేయలేమన్న మాట క్యాన్సర్‌ను నయం చేయడం గురించే, ఇలాంటివాటికి వర్తించదు.

ఇక మీరు. ఉత్తరం నిండా ఆమె గురించే రాసి, స్టెంట్ ముక్క చివర్లో పెట్టారు. బీపీ, గుండె మాత్రలు వేసుకుంటున్నారా? ఇంట్లో ఒకరు మంచాన పడితే రెండో మనిషి మాత్రలు మానేయడం మేం ఎక్కువగా చూసేదే. జీవిత భాగస్వామి పోయిన మొదటి నెలల్లో మిగిలిన వారికీ ప్రాణాపాయం పెరుగుతుందని చాలా దేశాల్లో గమనించారు. ఇద్దరి మాత్రలూ ఒకే పళ్లెంలో పెట్టుకుని ఒకే టైమ్‌కి వేసుకోండి. మీరు వేసుకున్నారో లేదో ఆమె చూస్తారు. చూడనివ్వండి, ఆ పని ఆమెకు కావాలి. వారంలో రెండు రాత్రులు కోడలో బిడ్డో పక్కన పడుకుంటే మీకు నిద్ర దొరుకుతుంది. మీ స్టెంట్ డాక్టర్‌ను ఈ నెలలోనే ఒకసారి కలవండి.

ఆమెకు సంగతి తెలిశాక ఒక మాట తప్పక అడగండి: ఆఖరు రోజులు ఎక్కడ ఉండాలని ఉంది, వెంటిలేటర్ లాంటివి కావాలా వద్దా. 2018లో సుప్రీంకోర్టు ఇలాంటి కోరికను ముందే కాగితం మీద రాసుకునే హక్కును గుర్తించింది. 2023 జనవరిలో పద్ధతిని సులువు చేసింది, ఇద్దరు సాక్షులు, నోటరీ లేదా గెజిటెడ్ అధికారి సంతకం ఉంటే చాలు. కాగితం రాసినా రాయకపోయినా ఆ కోరిక కొడుక్కీ బిడ్డకూ ఆమె నోటితోనే తెలియాలి. లేకపోతే ఆ రాత్రి ఎవరో ఒకరు భయపడి అంబులెన్స్ పిలుస్తారు, ఆమె ఐసీయూలో, మీరు బయట కుర్చీలో ఉంటారు.

ఎంత కాలం అన్నదానికి చూడకుండా అంకె చెప్పలేను. మేం వాడే కొండగుర్తు ఒకటుంది. నెలకూ నెలకూ తేడా కనిపిస్తుంటే నెలలు ఉన్నట్టు, వారం వారం దిగిపోతుంటే వారాలు, రోజు రోజుకూ మారుతుంటే రోజులు. పోయిన నెల ఆమె ఏం పనులు చేసుకునేవారు, ఇప్పుడేం చేస్తున్నారు అన్నది పోల్చుకుంటే మీకే అర్థమవుతుంది.

కొడుకును ఇప్పుడే రమ్మనండి. సీరియస్ అయ్యాక రమ్మంటే విమానం దిగేసరికి ఆమె మాట్లాడే స్థితిలో ఉండకపోవచ్చు. ఆమె కూర్చుని పచ్చిపులుసులో ఉప్పు తక్కువైందని చెప్పగలుగుతున్నప్పుడే వచ్చి పదిహేను రోజులు ఉంటే, తర్వాత ఆఖరి ప్రయాణానికి అందకపోయినా అతనికి ఇంత గుబులు ఉండదు. కంపెనీ సెలవు ఇవ్వనంటే, జబ్బు పేరు, దశ రాసి తల్లి దగ్గర ఉండటం అవసరమని ఆసుపత్రి లెటర్‌హెడ్ మీద ఇంగ్లిష్‌లో రాయించి స్టాంపు వేయించి వాట్సాప్ చేయండి. మార్ఫిన్ వద్దన్నది అతనే కాబట్టి, వచ్చిన మర్నాడే ఆసుపత్రికి వెంట తీసుకెళ్లి ఆ అనుమానాలన్నీ డాక్టర్‌నే అడగమనండి. మాత్రలు మొదలుపెట్టడం మాత్రం అతను వచ్చేదాకా ఆపకండి, ఈ వారమే మొదలవ్వాలి.