“ఇది మాకు చెప్పలేదు” అంటోంది!

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మాయి ఏడో తరగతి. క్లాసులో చెప్పిన లెక్కలు చకచకా చేసేస్తుంది. అదే లెక్క కాస్త మార్చి ఇస్తే “ఇది మాకు చెప్పలేదు” అని పుస్తకం మూసేస్తుంది. పరీక్షంటే టెన్షన్. సొంతంగా ఆలోచించే అలవాటు, లెక్కల మీద ఇష్టం ఎలా వస్తాయి?
– ఒక తల్లి

జవాబు: అమ్మా, మీ అమ్మాయికి తెలివి తక్కువేం కాదు. చెప్పిన పద్ధతిని వేగంగా దించెయ్యడమే లెక్క అనుకుంటోంది. ముందు టైము పెట్టి చేయించడం ఆపండి. భయంలో ఉన్నప్పుడు ధ్యాసంతా ఆ భయం మీదే ఉంటుంది, వచ్చిన లెక్క కూడా తప్పుతుంది.

ఇప్పుడు ఒకటికి మించి జవాబులున్న లెక్క ఇవ్వండి. నాకు బాగా ఇష్టమైనది ఇది: చుట్టుకొలత 24 సెంటీమీటర్లు ఉండేలా ఎన్ని దీర్ఘచతురస్రాలు గీయగలవు? పొడవు 8, వెడల్పు 4 అని ఆగిపోతుంది. “ఇంకోటి?” అనండి. 11, 1 వస్తుంది, 10, 2 వస్తుంది. వైశాల్యాలు కూడా కట్టమనండి: 11, 20, 27, 32, 35, 36. చుట్టుకొలత మారకుండానే వైశాల్యం పెరుగుతూ వెళ్లి 6, 6 దగ్గర ఆగిందని తనే పట్టుకుంటుంది. నోరు ఆపుకోవడం కష్టమే, అయినా మీరు చెప్పెయ్యకండి. చతురస్రాన్ని కూడా ఇందులో కలపొచ్చా అని కొందరు పిల్లలు అడుగుతారు, ఇంకొందరు ఆరున్నర, ఐదున్నర పెట్టి చూస్తారు. అలాంటి ప్రశ్న వింటే నాకు నూటికి నూరు మార్కులు చూసినదానికన్నా ఎక్కువ సంతోషం.

తప్పు చేసిందనుకోండి, 1/2కి 1/3 కలిపి 2/5 అని రాసింది. వెంటనే దాన్ని కొట్టేయకండి. “2/5 అరకన్నా ఎక్కువా, తక్కువా?” అని అడగండి. అరకి ఇంకొంత కలిపితే అరకన్నా తగ్గిందేమిటని తనకే అనుమానం వస్తుంది. దిద్దుకోవడం అక్కడే మొదలవుతుంది.

జవాబు సరిగ్గా వచ్చినప్పుడూ వదలకండి. ఇదే జవాబు మరో దారిలో వస్తుందా అని వెనక్కి చూడమని గణితవేత్త జార్జ్ పోల్యా 1945లోనే రాశారు. 18×5ని 9×10గా చేయొచ్చు, 20×5లోంచి 10 తీసెయ్యొచ్చు. “తెలివైనదానివి” అనే బదులు “ఈ దారి నీకెలా తట్టింది?” అని అడగండి.

పరీక్షకు టైము ఉంటుంది కదా అంటారేమో. పాఠం మీద పట్టు దొరికాక, పరీక్ష దగ్గర పడినప్పుడు టైము పెట్టి చేయించండి. అంతకుముందు వద్దు.